పక్కకు జరగని పడవ

మా సారు పోయారన్న కబురు వచ్చేసరికి మా ఓడ రేవులో ఉంది. మిట్టమధ్యాహ్నం. డెక్కు ఇనుము కాలి, బూట్లలోంచి కూడా అరికాళ్లకు వేడి తగులుతోంది. డ్యూటీ ఎక్కేముందు ఫోన్లు పెట్టెలో పెట్టేయాలి. నాది పెట్టబోతుంటే మోగింది. నార్కట్‌పల్లి నుంచి సారు భార్య. ఆమెను మేమంతా పెద్దమ్మా అని పిలుస్తాం.

"సారు పోయిండు బిడ్డా," అంది. ఏడవడం లేదు. "పొద్దుగాల చాయ్ అడిగిండు. పెట్టుకొచ్చేసరికి లేడు."

ఆమె వెనక హైవే మీద లారీలు పోతున్న హోరు వినిపిస్తోంది.

"నువ్వు ఏడున్నవ్? నీళ్ల మీదనా, ఒడ్డు మీదనా?"

"ఒడ్డు మీదనే పెద్దమ్మా."

"గట్లయితే రా."

సెలవు దొరికి, రైలు దిగి, బస్సెక్కి నేను చేరేసరికి మరుసటి రోజు సాయంత్రమైంది. అప్పటికే దహనం అయిపోయింది. పిల్లలు లేరు కనుక పెద్దమ్మే కొరివి పెట్టిందట. అన్నదమ్ముల పిల్లలు ముందుకొస్తే, "ముప్పై ఏండ్లు ఆయన కోసం ఎదురుచూసింది నేను, మీరు గాదు," అని కుండ తానే భుజానికెత్తుకుందట.

సారును ఎరగని మీకు ముందుగా ఆయనెవరో చెప్పాలి. నౌకాదళంలో మెషిన్‌గన్ దగ్గర నిలబడి ఉద్యోగం చేసి, రాష్ట్రం వచ్చిన కొత్తలో పదవీ విరమణ తీసుకుని ఊరికి తిరిగొచ్చిన మనిషి. ఎటు నడిచినా సముద్రం తగలని ఊరు మాది. రాళ్ల గుట్టలు, పత్తి చేలు, వానొస్తేనే పండే నేల. కూడలి దగ్గర రెండు గదుల రేకుల ఇల్లు కట్టుకున్నారు. ఇంటి వెనక బీడు జాగాలో, మిలిటరీకీ పోలీసుకీ నేవీకీ పోదామనుకునే మాలాంటి వాళ్లను పరుగెత్తించేవారు. పొట్టి మనిషి, వెడల్పాటి ఛాతీ. ఎడమ చెవి సరిగా వినపడేది కాదు. ఎవరితో మాట్లాడుతున్నా కళ్లు మాత్రం వాళ్ల భుజం మీదుగా దూరంగా ఎక్కడో ఉండేవి. కొత్తవాళ్లు తమ మాట వినడం లేదనుకునేవారు. ఆయన విన్నంతగా ఎవరూ వినరని తర్వాత తెలిసేది.

మా బాపు హమాలీ. అమ్మ పత్తి ఏరే కూలికి పోయేది. ఇంటర్ పాసై, ఏం చేయాలో తెలియక దాబాలో రొట్టెలు కాలుస్తూ, పంతొమ్మిదో ఏట నేను సారు ముందు నిలబడ్డాను.

"ఈత వస్తదా?" అన్నారు.

"రాదు సారు."

"సముద్రం జూసినవా?"

"టీవీల జూసిన సారు."

"మరి నేవీకి ఎందుకు పోతనంటున్నవ్?"

"అన్నిట్లకు అప్లై చేసిన సారు."

ఆయన నవ్వారు. "నిజం చెప్పినవ్. రేపు తెల్లారేసరికి ఈడుండాలె."

ఈత ఒక వ్యవసాయ బావిలో నేర్పేవారు. నడుముకు ఎండు సొరబుర్రలు కట్టి దింపేవారు. మూడో రోజున బావి ఆసామి వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. నన్నూ, మా వాడ నుంచి వచ్చిన ఇంకొకణ్ణీ చూపించి, "గీ ఇద్దరు వద్దు సారు, మిగిలినోళ్లు ఈదుకోండ్రి," అన్నాడు. సారు ఆయనతో ఒక్క మాట కూడా వాదించలేదు. "అందరు ఎక్కుండ్రి పైకి," అని మాకు చెప్పారు. పదకొండు మందిమి తడి బట్టలతో పైకొచ్చాం. మరునాటి నుంచి నాలుగు కిలోమీటర్ల దూరంలోని ఇంకో బావికి అందరం పరుగెత్తేవాళ్లం. ఎవరైనా దూరమని గొణిగితే, "నీళ్లల్ల మునిగెటోన్ని పట్టుకునేటప్పుడు వాడ అడుగుతవా?" అనేవారు. అంతకు మించి ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు.

పరుగూ ఈతా ఎవరైనా నేర్పుతారు. సారు మాకు అసలు నేర్పింది చూడటం.

పొద్దున పరుగు అయిపోయాక మమ్మల్ని కూడలి దగ్గరి చాయ్ బండికి తీసుకెళ్లేవారు. హైదరాబాదు నుంచి వచ్చే హైవే, నల్లగొండ వైపు మలిగే రోడ్డు అక్కడే కలుస్తాయి. బల్ల మీద కూర్చోబెట్టి, వచ్చే బండిని చూపించి, "చెప్పు, మలుగుతదా, తిన్నగ వస్తదా?" అని అడిగేవారు. మేం ఇండికేటర్ చూసి చెప్పేవాళ్లం. "దీపం అబద్ధమాడుతది. బండిని జూడు," అనేవారు. ఒకరోజు నా తలను రెండు చేతులతో పట్టుకుని, కదలకుండా ఒక కరెంటు స్తంభానికి సూటిగా పెట్టారు.

"ఇప్పుడు గా లారీని జూడు. స్తంభానికి పక్కకు జరుగుతున్నదా?"

"జరుగుతున్నది సారు."

"అయితే అది నిన్ను దాటిపోతది. భయం లేదు. పక్కకు జరగకుండ, ఉన్న జాగల్నే ఉండి పెద్దగైతున్నదనుకో, అది నీ మీదికే వస్తున్నట్టు. సముద్రమైనా గంతే, రోడ్డైనా గంతే."

ఆ మాట విన్న రోజు నుంచి రోడ్డు నాకు మునుపటి రోడ్డులా లేదు. సైకిల్ వచ్చినా, గేదె వచ్చినా ముందు పక్కకు జరుగుతోందా లేదా అని చూసేవాణ్ణి. జరగని దాన్ని చూస్తే రోడ్డు దిగి నిలబడేవాణ్ణి.

అంత పెద్ద యుద్ధనౌకకు చిన్న పడవంటే భయమేమిటని ఒకసారి అడిగాను. సారు చాయ్ గ్లాసును బల్ల మధ్యలో పెట్టారు.

"ఇది ఓడ అనుకో. దీని పెద్ద ఫిరంగి ఆకాశంల విమానాన్ని కొడుతది, కండ్లకు కనవడని ఓడను కొడుతది. గానీ దగ్గరికొచ్చి పక్కటెముకలకు ఆనుకున్న పడవను కొట్టలేదు. గంత కిందికి దాని మెడ వంగదు. గప్పుడు ఓడను కాపాడాల్సింది పక్కన చిన్న గన్ను పట్టుకొని నిలవడ్డ ఒక్క మనిషి. వాని రెండు కండ్లు."

తర్వాత చేయి చాపి ఒక్కో వేలే ముడిచారు. "ముందు హారన్ కొడతం. పక్కకు మల్లకుంటే మైకుల చెప్తం. మల్లకుంటే తారాజువ్వ లెక్క ఎర్ర వెలుగు ఇడుస్తం. గప్పటికీ వస్తే పడవ ముంగట నీళ్లల్లకు కాలుస్తం." నాలుగు వేళ్లు ముడుచుకున్నాయి. బొటనవేలు మిగిలింది. దాన్ని ముడవకుండా చేతిని ఒళ్లో పెట్టుకున్నారు. "ఇవన్ని చేసేందుకు నీకు దొరికేది ఒక నిమిషం. ఒక్కోపారి గది గూడ ఉండది. వచ్చెటోడు చేపలు పట్టెటోడా, చావనీకి వచ్చెటోడా, వాని నొసట రాసి ఉండది."

ఆ అలవాటు ఆయన్ను ఊళ్లో కూడా వదల్లేదు. పెళ్లి విందుకు వెళ్తే గోడకు వీపు పెట్టి, గుమ్మం కనిపించేలా కూర్చునేవారు. బస్సులో డ్రైవరు వెనక సీటు దొరక్కపోతే నిలబడే వచ్చేవారు. పెద్దమ్మ విసుక్కునేది. "ఇంట్ల గూడ కావలేనా? ఎవలొస్తరు మన ఇంటికి, బిచ్చగాడా?" సారు నవ్వి ఊరుకునేవారు. కుర్చీ మాత్రం తిప్పేవారు కాదు.

చాయ్ బండి నడిపే అన్న నలభై ఏళ్ల మనిషి, నోటి నిండా మాటలు. సారంటే ప్రాణం, వెక్కిరించకపోతే పొద్దు పోదు. ఒక ఉదయం మేం కూర్చుని ఉండగా సారు ఒక్కసారిగా లేచి, "లెవ్వుండ్రి! పక్కకు ఉరుకుండ్రి!" అని అరిచారు. అందరం గ్లాసులు పడేసి పరుగెత్తాం. పాల వ్యాను ఒకటి బండికి సూటిగా వచ్చి, సరిగ్గా రెండు గజాల ముందు మెల్లగా ఆగింది. డ్రైవరు దిగి, "ఒక చాయ్ పొయ్యన్నా," అన్నాడు.

నవ్వులే నవ్వులు. పక్క పంచర్ షాపు వాళ్లు కూడా బయటికొచ్చి నవ్వారు. చాయ్ అన్న పొట్ట పట్టుకుని, "సారూ, ఇది ఓడ గాదు, నార్కట్‌పల్లి!" అన్నాడు. సారు కూడా నవ్వారు. కిందపడ్డ గ్లాసులు తానే ఏరారు. ఆయన చెవులు ఎర్రబడటం నేను చూశాను.

మూడు రోజుల తర్వాత, అదే వేళకు, నేను సారు పక్కనే కూర్చున్నాను. హైదరాబాదు వైపు నుంచి సిమెంటు బస్తాల లారీ వస్తోంది. స్తంభానికి నేనూ కన్ను పెట్టాను. లారీ పక్కకు జరగడం లేదు. సారు వైపు చూశాను. ఆయన అప్పటికే సగం లేచారు. నోరు తెరిచారు.

అరవలేదు.

ఒక్క ఊపిరి తీసుకుని వదిలేంత సేపు. ఆ కూడలిలో అది చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. తర్వాత గొంతు చించుకుని అరిచారు. అందరం తలో దిక్కుకు దూకాం. చాయ్ అన్న పొయ్యి అవతల నుంచి రావాలి. ఒక అడుగు ఇవతలికి వేశాడు. రెండో అడుగు లారీ కింద పడింది.

డ్రైవరు స్టీరింగ్ మీద నిద్రపోయాడట. అతనికి నుదుటి మీద గీత తప్ప ఏమీ కాలేదు. చాయ్ అన్నకు మోకాలి కింది నుంచి కాలు తీసేశారు.

నల్లగొండ దవాఖానాలో, ఆపరేషన్ గది బయట బెంచీ మీద సారూ నేనూ కూర్చున్నాం. చాయ్ అన్న భార్య ఎదురుగా నేల మీద కూర్చుని, చీర కొంగులో ముఖం దాచుకుంది. సారు చొక్కా మీద నెత్తురు ఎండి అట్టకట్టింది. ఆయన నావైపు తిరగకుండానే అన్నారు.

"నువ్వు జూసినవ్ గదా."

"ఏంది సారు?"

"నేను ఆగింది."

అప్పుడే ఆయన నేవీలో తనకు ఎదురైన ఒక పడవ సంగతి చెప్పారు. అంతకు ముందు ఎవరికీ చెప్పలేదని తర్వాత పెద్దమ్మ ద్వారా తెలిసింది. ఆయన చెప్పినట్టే రాస్తున్నాను.

"నాకు ముప్పై ఏండ్లప్పుడు. పరాయి దేశం రేవు బయట మా ఓడ లంగరేసి ఉండె. పొద్దటి పూట. మంచు గాదు, దుమ్ము లెక్క తెల్లగ ఉండె సముద్రం మీద. నాది కుడి దిక్కు గన్ను. మా ఆఫీసర్ సాబ్ ముందే చెప్పిండు, గా ఎర్ర పీపా తేలుతున్నది జూసినవా, అది దాటినంక గూడ మల్లకుంటే ఇంజన్ మీద కొట్టాలె అని. సూర్యుని దిక్కుకెల్లి ఒక పడవ వచ్చింది. పక్కకు జరగలే. హారన్ కొట్టినం. మైకుల చెప్పినం. ఎర్ర వెలుగు ఇడిసినం. ముంగట నీళ్లల్లకు కాల్చిన. నీళ్లు మనిషెత్తు లేసినయి. గా నీళ్లల్లకెల్లే వచ్చింది పడవ. పీపా దాటింది.

"కొట్టాలె. నా వేలు మీదనే ఉన్నది. గప్పుడు ముంగట ఒకడు నిలవడి, ఇంకొకన్ని రెండు చేతుల మీద ఎత్తి నాకు చూపెడుతున్నడు. పిల్లను ఎత్తినట్టు. ఏంది గది? బాంబు పట్టుకున్నడా, మనిషిని పట్టుకున్నడా? ఒక్క ఊపిరి ఆగిన. మళ్ల నీళ్లల్లకే కాల్చిన. గప్పుడు ఇంజన్ బందు పెట్టిండ్రు. పడవ తేలుకుంట వచ్చి ఓడకు తాకింది. టక్కుమన్నది. గంతే. బియ్యం డబ్బా మీద గిన్నె పెడితే వచ్చేంత చప్పుడు. ఓడంత మంది ఊపిరి బిగవట్టుకున్నరు. నేను కండ్లు మూసుకున్న.

"ఏం కాలే. అన్నదమ్ములు. వలల సముద్రపు పాము పడి తమ్మున్ని కరిచిందంట. ఒడ్డు దూరం. కనవడ్డ ఓడల డాక్టర్ ఉంటడని వచ్చిండ్రు. వాని తమ్ముడు చస్తుంటే నా గుండ్లకు భయపడుతడా? మా డాక్టర్ సాబ్ జూసిండు. బతికిండు వాడు."

"మంచిగనే అయింది గదా సారు," అన్నాను.

"మా సాబ్ పిలిచి భుజం మీద చెయ్యేసిండు. 'మంచి పని చేసినవ్. మళ్ల చెయ్యకు,' అన్నడు. రెండు మాటలూ నిజమే. ఆ పడవల బాంబు ఉండి ఉంటే ఓడంత మంది పోతుండిరి. గా ఊపిరి ఇద్దరన్నదమ్ములను బతికిచ్చింది. ఇయ్యాల గదే ఊపిరి వీని కాలు తీసింది. ఇప్పుడు నువ్వు చెప్పు బిడ్డా. ఎప్పుడు ఆగాలె, ఎప్పుడు ఆగొద్దు?"

లోపలి నుంచి నర్సు వచ్చి చాయ్ అన్న భార్యను పిలిచింది. ఆమె లేవలేకపోయింది. సారు వెళ్లి చేయి పట్టుకుని లేపారు.

ఇంకొకటి కూడా అన్నారు, మెట్లు దిగుతుంటే. "ఇయ్యాల నన్ను ఆపింది మంచితనం గాదు. మొన్నటి నవ్వు."

చాయ్ అన్న నాలుగు నెలలకు చంకలో కర్రతో మళ్లీ బండి పెట్టాడు. ఆ రోజు నుంచి సారు ఉదయం పూట మా పరుగు అయిపోగానే అక్కడికి వెళ్లి, లుంగీ ఎగగట్టి, గొంతుక్కూర్చుని గ్లాసులు కడిగేవారు. చాయ్ అన్న మొత్తుకునేవాడు. "సారూ, జర లెవ్వు. నువ్వు అరవకపోతే నా పానమే పోతుండె. నీ కాళ్లు మొక్కాల్సింది నేను."

"ముందుగాల అరిస్తే కాలు గూడ ఉంటుండె," అనేవారు సారు, తలెత్తకుండా.

చాయ్ అన్నకు ఆ మాట అర్థమయ్యేది కాదు. నాకు అర్థమయ్యేది. అర్థమైనవాణ్ణి నేనొక్కణ్ణే కావడం నాకు బరువుగా ఉండేది.

మరుసటి ఏడు నేను నేవీకి సెలెక్ట్ అయ్యాను. మా అమ్మ పాస్టర్ గారితో ప్రార్థన చేయించి, సారు దగ్గరికి వచ్చి ఏడ్చింది. "మావోడు చెరువుల గూడ దిగకపోవు సారు, గంత నీళ్లల్లకు ఎట్ల పోతడు?" సారు ఆమెకు ధైర్యం చెప్పలేదు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. "కండ్లు మంచియమ్మా నీ కొడుకువి. గా కండ్లే వాన్ని కాపాడాలె," అన్నారు.

శిక్షణ, ఆ తర్వాత ఓడ. నాకు కూడా పక్కనుండే చిన్న గన్నే వచ్చింది. సారుకు ఫోన్ చేసి చెబితే ఆయన సంతోషిస్తారనుకున్నాను. "కుడి దిక్కా, ఎడమ దిక్కా?" అని మాత్రం అడిగారు. కుడి వైపన్నాను. "సరే," అన్నారు.

నాలుగేళ్లు ఏమీ జరగలేదు. ఏమీ జరగకుండా చూస్తూ నిలబడటమే ఆ ఉద్యోగం. అలలు, పక్షులు, చేపల పడవలు, కొట్టుకొచ్చే చెత్త. గంటల తరబడి చూసి చూసి కళ్లు ఉప్పుతో మండేవి. ఏమీ లేదని నమ్మకం కుదిరే క్షణంలో సారు తెరిచిన నోరు గుర్తొచ్చి మళ్లీ మెలకువ వచ్చేది.

ఒక రోజు, ఇరుకైన దారిలో మా ఓడ నెమ్మదిగా పోతోంది. ఎండ నెత్తి మీదికి రాలేదింకా. ఎడమ వైపు చేపల పడవలు పదో పన్నెండో గుంపుగా ఉన్నాయి. వాటిలో రెండు ఒకదానికొకటి గుద్దుకున్నట్టున్నాయి, వాళ్లు లేచి నిలబడి అరుచుకుంటున్నారు. మా వాళ్లంతా అటువైపే చూస్తున్నారు. నాకూ మెడ తిప్పాలనిపించింది. "అందరు జూసే దిక్కు నువ్వు జూడకు, నీ దిక్కు నువ్వు జూడు," అని కూడలిలో సారు ఎన్నిసార్లన్నారో లెక్కలేదు. తిప్పలేదు.

నా వైపు నీటి మెరుపులో ఒక నల్ల చుక్క. డెక్కు అంచున ఉన్న ఇనుప కడ్డీకి దాన్ని సూటిగా పెట్టుకున్నాను. చుక్క గీత అయింది. గీత పడవ అయింది. మా ఓడ ముందుకు పోతూనే ఉంది. పడవ మాత్రం కడ్డీని వదిలి పక్కకు జరగలేదు.

వలలు లేవు. మనుషులు ఇద్దరో ముగ్గురో, నిలబడలేదు, కిందికి వంగి ఉన్నారు. పొరపాటైతే? పాల వ్యాను అయితే? అంతా నవ్వితే? అన్నీ ఒకేసారి వచ్చాయి. వాటి వెంటే సిమెంటు లారీ కూడా వచ్చింది. నేను అరిచాను. పైనున్న ఆఫీసర్లకు వినపడాల్సిన దానికంటే ఎక్కువగానే అరిచాను.

హారన్ మోగింది. మైకులో హెచ్చరించారు. ఎర్ర వెలుగు లేచింది. పడవ వేగం తగ్గలేదు. పెరిగిందని నా అనుమానం. కాల్చమన్నారు. దాని ముందున్న నీళ్లలోకి కాల్చాను. నీళ్లు గోడలా లేచాయి. గోడ పడిపోయాక పడవ ఇంకా అక్కడే ఉంది, ఇంకా పెద్దదిగా. అందులో ఒకతని తెల్ల చొక్కా గుండీలు లెక్కపెట్టగలననిపించింది. మళ్లీ కాల్చాను.

అప్పుడు పడవ తిరిగింది. ఒక్కసారిగా, నీటిని కోస్తున్నట్టు. తిరిగేటప్పుడు ఆ తెల్ల చొక్కా మనిషి తల ఎత్తి నావైపు చూశాడు. కోపంగా కాదు, భయంగా కాదు. గుర్తుపెట్టుకుంటున్నట్టు చూశాడు. తర్వాత పడవ ఆ మెరుపులోకే పోయి మాయమైంది. ఎడమ వైపు తగాదా కూడా అప్పటికే ఆగిపోయిందని ఎవరో అన్నారు. ఎప్పుడు ఆగిందో ఎవరూ చూడలేదు.

అది ఎవరి పడవో, ఎందుకొచ్చిందో తెలియలేదు. ఈ రోజుకీ తెలియదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మా వాళ్లు నవ్వుకున్నారు. "దొంగ సిగరెట్లు అమ్ముకునేవాళ్లను పట్టుకుని ప్రపంచ యుద్ధం చేశాడు మనవాడు," అన్నారు. నేనూ నవ్వాను. అన్నం సగంలోనే వదిలి లేచాను.

రేవు చేరగానే సారుకు ఫోన్ చేశాను. మొదటి నుంచి చివరి దాకా విన్నారు.

"ఆగినవా?" అన్నారు.

"ఆగలే సారు."

"మరి నీ గొంతు గట్లున్నదేంది?"

"అందరు నవ్వుతున్నరు సారు."



"నవ్వనియ్ బిడ్డా," అన్నారు. "నవ్వుతున్నరంటే బతికున్నరన్నట్టు గదా."

ఆ మాట పట్టుకునే నేను ఇన్నేళ్లు ఆ గన్ను దగ్గర నిలబడ్డాను. కానీ ఆ పడవ సంగతి సారును వదిలిపెట్టలేదు. ఎప్పుడు ఫోన్ చేసినా, సెలవుకు వెళ్లినా, మధ్యలో ఎక్కడో అడిగేవారు. "ఇంజన్లు ఒకటా, రెండా? తెల్ల చొక్కానోడు ఏ దిక్కు కూసున్నడు? మళ్ల ఎన్నడన్న కనవడ్డడా?" లేదంటే తలూపేవారు. సంతృప్తితో కాదు. రావాల్సింది ఇంకా రాలేదన్నట్టు.

పోయిన సెలవులో వెళ్లినప్పుడు ఆయన మంచం మీద ఉన్నారు. పేగుల్లో క్యాన్సర్. నాకు చెప్పొద్దని పెద్దమ్మ చేత ఒట్టు వేయించుకున్నారట. వెడల్పాటి ఆ ఛాతీ బనియన్ లోపల గంప బోర్లించినట్టుంది. చాయ్ అన్న మంచం పక్కన కుర్చీలో, కర్రను గోడకు ఆనించి కూర్చుని, ఆయన కాళ్లు ఒత్తుతున్నాడు. ఇద్దరిలో ఎవరు వద్దన్నారో, ఎవరు ఒప్పించారో నేను అడగలేదు.

"ముందుగాల జూపించుకోకపోతివి సారు," అన్నాను. నా గొంతులో కోపం నాకే వినిపించింది.

"ఏడాది కిందనే కనవడ్డది. నేను చెప్పలే," అన్నారు. "ఊకె కడుపునొప్పికి గింత లొల్లి జేస్తవా అని నవ్వుతరనుకున్న." పెద్దమ్మ అప్పుడు గుమ్మంలో ఉంది. ఆ మాట విని లోపలికి వెళ్లిపోయింది.

ఇంత నేర్పిన మనిషి తన విషయంలో మళ్లీ ఆ ఒక్క ఊపిరి ఎందుకు ఆగారో నాకు తెలియదు. కోపం వస్తుంది. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నప్పుడు కూడా వస్తోంది. కానీ ఆయన లేకపోతే నా వెనక ఓడలో భోజనాల దగ్గర నవ్వుకున్నవాళ్లు ఏమయ్యేవారో కూడా నాకు తెలియదు. తెలియనివాటికి కృతజ్ఞత చెప్పుకోవడం ఎలాగో ఆయనే నేర్పి ఉంటే బాగుండేది.

మూడో రోజు అస్థికలు కలపాలి. సముద్రంలో కలుపుతాను, నేను తీసుకెళ్తాను అన్నాను. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "సముద్రంల వద్దు. ఆడ ఆయనకు నిదుర రాదు," అంది.

అందుకని వాడపల్లి దగ్గర కృష్ణకు వెళ్లాం. పెద్దమ్మ, చాయ్ అన్న, నేను. పుట్టి నడిపే ముసలాయన మమ్మల్ని ఎక్కించుకుని లోతుకు తీసుకెళ్లాడు. గాలి లేదు. ఏటి నీళ్లు సీసంలా కదలకుండా ఉన్నాయి. పెద్దమ్మ మూట విప్పి, రెండు చేతులతో నీళ్ల మీదికి వదిలింది. ఎముకలు దిగిపోయాయి. బూడిద మాత్రం మునగలేదు, చెదరలేదు. చాప పరిచినట్టు నీటి మీద ఒక్కటిగా నిలిచి, మెల్లగా మా పుట్టి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

ముసలాయన తెడ్డుతో ఒకసారి తోశాడు. అది రెండుగా చీలి, మళ్లీ కలుసుకుంది.

"పోతది తియ్యమ్మా," అన్నాడు పెద్దమ్మతో. "జరసేపు ఉంటది. పోతది."

పుట్టిని ఒడ్డుకు తిప్పాడు. ఒడ్డు చేరి, తడి మెట్లు ఎక్కి, పైనుంచి చూసినప్పుడు కూడా, నది నడుమ ఆ బూడిద రంగు మరక పక్కకు జరగకుండా అలాగే ఉంది, నీళ్లకు ఎటు పోవాలో తెలియనట్టు.